యూఎస్‌సీ డిఫెన్స్‌కు గండి పడింది ఎక్కడ?

నలభై రెండు పాయింట్లు చేసిన జట్టు ఓడిపోతే అభిమాని కోపం ఎవరి మీదకు పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, అందరి నోటా యూఎస్‌సీ, 2022 అక్టోబర్‌లో యూటా యూనివర్సిటీ చేతిలో 43-42తో ఓడింది. ఆ సీజన్ చివరి మ్యాచ్ కాటన్ బౌల్‌లో టులేన్ చేతిలో 46-45తో ఓడింది. 2023 నవంబర్ 4న వాషింగ్టన్ చేతిలో 52-42తో ఓడింది. ఈ మూడు మ్యాచ్‌ల్లోనూ క్వార్టర్‌బ్యాక్, అంటే దాడి నడిపి బంతి విసిరేవాడు, కేలెబ్ విలియమ్స్. 2022లో దేశంలో మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అతనిదే. కాటన్ బౌల్‌లో అతను 462 గజాలు పాస్ చేసి, 5 టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు) వేయించాడు. అయినా చేతిలో ఉన్న మ్యాచ్ జారిపోయింది.

అభిమానుల బాధ ఉత్త ఓటమి గురించి కాదు. అలాంటి క్వార్టర్‌బ్యాక్ ఒక కాలేజీకి తరానికి ఒకడు దొరుకుతాడు, అతను ఉండేది రెండు మూడేళ్లే. ఆ రెండేళ్లూ డిఫెన్స్ పాలయ్యాయన్నదే వాళ్ల దుఃఖం. దానికి పాత జ్ఞాపకాలు తోడయ్యాయి. పీట్ క్యారల్ కోచ్‌గా ఉన్న రోజుల్లో, 2008లో, ఇదే యూనివర్సిటీ డిఫెన్స్ మ్యాచ్‌కు సగటున 9 పాయింట్లే ఇచ్చింది. అదే జెర్సీ వేసుకున్న జట్టు 2022లో సగటున 29.2, 2023లో 34.4 ఇచ్చింది. పదిహేనేళ్లలో దాదాపు నాలుగింతలు.

2021లో నాలుగే గెలిచి ఎనిమిది ఓడి కుదేలైన జట్టును నిలబెట్టడానికి ఆ ఏడాది నవంబర్‌లో ఓక్లహోమా నుంచి లింకన్ రైలీని తెచ్చారు. ఆయన తనతో పాటు డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అలెక్స్ గ్రించ్‌ను తీసుకొచ్చారు. డిఫెన్స్ తరఫున ప్రతి ఎత్తుగడనూ నిర్ణయించేది ఆ పదవిలో ఉన్న మనిషే. అందుకే రెండేళ్ల పాటు గ్యాలరీల కోపమంతా ఆ ఒక్క పేరు మీదే పడింది. ఆ కోపం చాలావరకు న్యాయమైనదే. కానీ అభిమానులు చెప్పిన కారణం సగమే నిజం. "ట్యాకిల్ చేయడం రాదు", అంటే బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టలేరు, అన్నది పైకి కనిపించే రోగ లక్షణం. అసలు రోగం ట్యాకిల్‌కు ముందే, బంతి కదిలిన మొదటి సెకనులోనే మొదలయ్యేది.

దాన్ని చూడాలంటే మైదానాన్ని ముందు నుంచి వెనక్కి చూడాలి. దాడి చేసే జట్టుకు నాలుగు ప్రయత్నాలు, వాటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్లీ నాలుగు. వాళ్ల ముందు వరుసలో ఐదుగురు భారీకాయులు. మధ్యలో ఉన్న సెంటర్‌కు అటూ ఇటూ రెండు సందులు, వాటి పక్కన మరో రెండు, చివర్న ఇంకో రెండు, మొత్తం ఆరు. టైట్ ఎండ్, అంటే అడ్డుకోవడమూ పాసు పట్టడమూ చేసే ఆటగాడు, వచ్చి వరుస చివర నిలబడితే ఏడో సందు పుడుతుంది. క్వార్టర్‌బ్యాక్ కూడా పరుగెత్తగలిగితే, అడ్డుకునేవాళ్లకు లెక్కలో ఒకడు తక్కువ పడతాడు. డిఫెన్స్ పని కాలువ గట్టు కాసే పనిలాంటిది. ప్రతి సందుకూ ఒక మనిషి బాధ్యుడిగా ఉండాలి. ఆరు చోట్ల గట్టు నిలిచి ఏడో చోట గండి పడినా నీళ్లన్నీ అటే పోతాయి.

గ్రించ్ పద్ధతిలో ముందు వరుస ఆటగాళ్లు ఎదుటివాణ్ని ఢీకొని నిలబడరు. బంతి కదలగానే ఏటవాలుగా పక్క సందులోకి దూసుకుపోతారు. దీన్ని స్లాంట్ అంటారు. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో (యూఎస్‌సీని ఓడించిన వాషింగ్టన్ వేరు) ఉన్నప్పుడు ఆయనకు పేరు తెచ్చింది ఇదే. బరువు తక్కువగా ఉన్నా చురుకైన కుర్రాళ్లతో పెద్ద జట్లను ఇబ్బంది పెట్టే కిటుకు ఇది. ముందువాడు తన సందు వదిలి పక్కకు పోతే, ఖాళీ అయిన సందును వెనకున్న లైన్‌బ్యాకర్ అదే క్షణంలో పూడ్చాలి. ఇద్దరి అడుగులూ తాళంలో పడితే బంతి పట్టుకున్నవాడు గీత దాటకముందే దొరికిపోతాడు.

తాళం తప్పితే ఏమవుతుందో 2022, 2023 మ్యాచ్‌లు పదేపదే చూపించాయి. ముందువాడు కుడికి దూసుకుపోతున్నాడని ఎదుటి లైన్‌మన్ పసిగడితే అతన్ని ఆపే అవసరమే ఉండదు. వాడు పోతున్న వైపే ఇంకాస్త తోస్తే చాలు. తలుపు తోసుకుని వచ్చేవాడికి తలుపు తీసినట్టు, తన వేగంతో తనే మూడు గజాలు అవతలకు పోతాడు. వెనకాల పెద్ద దారి తెరుచుకుంటుంది. లైన్‌బ్యాకర్ మొదటి అడుగు తప్పు దిక్కున వేసి ఉంటే, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఒక్క మలుపులో ఆ దారిలోకి దిగిపోతాడు. ఇక అతని ముందు మిగిలేది 10, 12 గజాల వెనక ఒంటరిగా నిలబడ్డ సేఫ్టీ, డిఫెన్స్‌లో చివరి మనిషి. పూర్తి వేగంలో వచ్చేవాణ్ని విశాలమైన మైదానంలో ఒక్కడే పడగొట్టాలి. ఎంత మంచి సేఫ్టీకైనా అది కష్టమైన పని. టీవీలో మాత్రం కనిపించేది సేఫ్టీ చేతులు జారడమే. అభిమాని తిట్టేదీ అతన్నే.

కాటన్ బౌల్‌లో టులేన్ రన్నింగ్ బ్యాక్ టైజే స్పియర్స్ 17 సార్లు బంతి పట్టుకుని 205 గజాలు పరుగెత్తాడు, నాలుగు టచ్‌డౌన్లు. అంటే పట్టుకున్న ప్రతిసారీ సగటున 12 గజాలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు రావాల్సిన ఆటలో ఒక్క ప్రయత్నానికే పన్నెండు. పది నెలల తర్వాత వాషింగ్టన్ తరఫున డిలన్ జాన్సన్ 256 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. వాషింగ్టన్ పాసింగ్‌కు పేరుపడ్డ జట్టు అన్న సంగతి గుర్తుంచుకోవాలి. విసరడంలో దిట్టలైన వాళ్లు కూడా ఆ రోజు పాసుల కన్నా పరుగుల మీదే ఎక్కువ గజాలు సాధించారు. ఇద్దరి పరుగుల్లోనూ గండి ఒకే చోట పడింది.

అలాగని ట్యాకిల్ సంగతి పక్కన పెట్టేయడానికి లేదు. ట్యాకిల్ బలం పని కాదు, అడుగుల పని. పరుగెత్తేవాడి తుంటి మీద చూపు నిలపాలి, ఎందుకంటే తల, భుజం మోసం చేస్తాయి, తుంటి చేయదు. దగ్గరకు వచ్చేకొద్దీ అడుగులు చిన్నవి కావాలి. దగ్గరి కాలు అతని కాళ్ల పక్కన పడాలి, అదే వైపు భుజం తొడకు తగలాలి, తల అతని శరీరానికి వెలుపల ఉండాలి, రెండు చేతులూ వెనకనుంచి బిగియాలి, ఆ తర్వాత ఐదారు అడుగులు కాళ్లతో తోయాలి. దూరం నుంచే చేతులు చాచి ఎగిరితే దొరికేది జెర్సీ గుడ్డే. వీటన్నిటికీ ముందు ఒకటుంది: తనకు ఆసరా ఎటువైపు ఉందో తెలిసి ఉండాలి. తోటివాడు లోపలివైపు ఉంటే బయటి భుజం వైపు నుంచి వెళ్లి పరుగెత్తేవాణ్ని లోపలికే మళ్లించాలి. ఎవరూ లేకపోతే పక్కగీతనే తోడుగా చేసుకోవాలి.

కబడ్డీ చూసేవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. మూలన ఉన్న డిఫెండర్ తోటివాళ్లు చేరకముందే రైడర్ కాలి మీదకు ఒంటరిగా దూకితే పట్టు దొరికినప్పుడు చప్పట్లు, దొరకనప్పుడు పాయింటు గల్లంతు. పక్కవాడు నడుము అందుకునే దూరంలో ఉన్నప్పుడు దూకితే పట్టు జారినా రైడర్ గీత చేరలేడు. యూఎస్‌సీ కుర్రాళ్లు తరచూ మొదటి రకంగా దూకారు. సందులు ఖాళీ అయినప్పుడు ప్రతి ట్యాకిలూ ఒంటరి ట్యాకిలే అవుతుంది. వారంలో ఎంత సాధన చేయించినా ఆ లోటు తీరదు. పైగా గాయాల భయంతో సీజన్ మధ్యలో ఏ కాలేజీలోనూ పూర్తి బలంతో పడగొట్టే సాధన ఎక్కువ రోజులు పెట్టరు. ఆగస్టులో కుదరనిది అక్టోబర్‌లో కుదరడం అరుదు.

మరి 2022లో జట్టు 11 మ్యాచ్‌లు ఎలా గెలిచింది? అభిమానులను మొదటి ఏడాది మభ్యపెట్టింది ఇదే. గ్రించ్ డిఫెన్స్ మొత్తం ఒక పందెం మీద నడిచేది: ప్రత్యర్థి చేతిలోంచి బంతి లాక్కోవడం. సీజన్‌కు 24 సార్లు లాక్కోవాలన్నది ఆయన పెట్టుకున్న గురి. పన్నెండు మ్యాచ్‌లకు మ్యాచ్‌కు రెండు చొప్పున. 2022 మొదటి మ్యాచ్‌లో రైస్ యూనివర్సిటీ మీద మూడు ఇంటర్‌సెప్షన్లను (ప్రత్యర్థి పాసును మధ్యలోనే పట్టుకోవడం) నేరుగా టచ్‌డౌన్లుగా మార్చి 66-14తో గెలిచారు. ఆ సీజన్ పొడవునా టర్నోవర్ల తేడాలో, అంటే లాక్కున్న బంతులకూ పోగొట్టుకున్న బంతులకూ మధ్య తేడాలో, యూఎస్‌సీ దేశంలో ముందు వరుసలోనే ఉంది. గజాలు ఎన్ని ఇచ్చినా సరైన సమయంలో బంతి చేజిక్కేది. మిగతాది విలియమ్స్ చూసుకునేవాడు.

ఆ పందెంలో చిక్కు ఏమిటంటే, టర్నోవర్లలో నేర్పు ఎంతో అదృష్టం కూడా అంతే. చేజారి నేల మీద పడ్డ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఎటు దొర్లుతుందో ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి లెక్కలు చూస్తే అలాంటి బంతులు రెండు జట్లకూ దాదాపు చెరి సగం దక్కుతాయి. డిఫెండర్ చెయ్యి తగిలిన పాసుల్లోనూ ఇంటర్‌సెప్షన్ అయ్యేవి ఐదింట ఒకటి అటూ ఇటూగా. ఒక ఏడాది ఈ రెండూ కలిసొస్తే మరుసటి ఏడాది మళ్లీ సగటుకు దిగివస్తాయి. బంతి కోసం చెయ్యి వేసినవాడు శరీరంతో పట్టలేడు. ముందే ఊహించి పాసుకు ఎదురెళ్లిన కార్నర్‌బ్యాక్ (పాసు అందుకునేవాణ్ని కాసేవాడు) వెనకాల ఎవరూ ఉండరు. టర్నోవర్ వస్తే ఆ సాహసం బాగుంటుంది, రానప్పుడు ఆ ఖర్చంతా గజాల రూపంలో చెల్లించాల్సి వస్తుంది. 2023లో జరిగింది అదే. పథకం ఏమీ మారలేదు, బంతులు దక్కడం తగ్గింది. సెప్టెంబర్ 30న కొలరాడో మొదటి ఏడాది ఆటగాడు ఒమేరియన్ మిల్లర్ ఏడు క్యాచ్‌ల్లో 196 గజాలు చేసుకుపోయాడు. ఆ మ్యాచ్ 48-41తో గెలిచారు. వారం తిరిగేసరికి అరిజోనా మీద మూడు ఓవర్‌టైమ్‌ల తర్వాత 43-41. అక్టోబర్ 28న క్యాల్ (బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) మీద 50-49, అదీ ప్రత్యర్థి ఆఖర్లో రెండు పాయింట్ల ప్రయత్నంలో విఫలమైతేనే. గెలుపు ఖాతాలో పడ్డా ఈ మూడూ గ్యాలరీల ఓపికను ఓటమిలాగే తినేశాయి.

అక్టోబర్ 21న యూటా 34-32 మ్యాచ్ ఇంకా చేదు. యూటా కోచ్ కైల్ విటింగ్‌హామ్ గాయాల వల్ల మనుషులు లేక, సియోని వాకీ అనే తన సేఫ్టీని రన్నింగ్ బ్యాక్‌గా దింపారు. అతను ఐదు క్యాచ్‌ల్లో 149 గజాలు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. వెనక నుంచి బయల్దేరే ఆటగాడిని లైన్‌బ్యాకర్ కాయాలా, సేఫ్టీ కాయాలా అన్నది ముందే తేలి ఉండాలి. ఇద్దరూ రెండోవాడనుకుంటే ఇలాగే అవుతుంది. చివరి సెకన్లలో కోల్ బెకర్ ఫీల్డ్ గోల్‌తో, అంటే గోల్ స్తంభాల మధ్యకు తన్నిన మూడు పాయింట్ల కిక్‌తో, మ్యాచ్ ముగిసింది, లాస్ ఏంజెలెస్ మెమోరియల్ కొలీజియంలో సొంత జనం ముందే. (1984 ఒలింపిక్స్‌లో పి.టి. ఉష సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న మైదానం ఇదే.)

అభిమానులు పొరబడ్డ చోటు ఒకటుంది. అక్టోబర్ 14న నోటర్‌డామ్ 48-20తో గెలిచినప్పుడు ఆ 48 కూడా డిఫెన్స్ పద్దులో రాశారు. ఆ రోజు నోటర్‌డామ్ మొత్తం సాధించింది 251 గజాలే. విలియమ్స్ మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఒక టచ్‌డౌన్ కిక్‌ఆఫ్ రిటర్న్ (తన్నిన బంతిని పట్టుకుని ఎదురు పరుగెత్తడం) మీద, మరొకటి చేజారిన బంతి మీద వచ్చాయి. ఆ మ్యాచ్‌లో డిఫెన్స్ చేసింది తక్కువేమీ కాదు. స్కోరు ఒక్కటి చూసి డిఫెన్స్‌ను కొలిస్తే ఇలాగే అన్యాయం జరుగుతుంది.

కొలవడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతులు ఉన్నాయి, కాగితం కలం చాలు. ప్రత్యర్థికి బంతి ఎన్నిసార్లు దక్కిందో లెక్కపెట్టి, వాళ్ల ఆఫెన్స్ చేసిన పాయింట్లను దానితో భాగించాలి. 9 సార్లలో 30 ఇచ్చిన డిఫెన్స్, 15 సార్లలో 30 ఇచ్చిన డిఫెన్స్ ఒకటి కావు. రైలీ ఆఫెన్స్ లాంటిది త్వరగా స్కోరు చేసి త్వరగా బంతి వదిలేస్తుంది, డిఫెన్స్ ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ మైదానంలోకి రావాలి. కాబట్టి ఈ భాగహారం తప్పనిసరి. ఆ తర్వాత ప్రతి ఆటనూ జల్లెడ పట్టాలి. మొదటి ప్రయత్నంలో కావలసిన గజాల్లో సగం, రెండోదాంట్లో మిగిలినవాటిలో 70 శాతం, మూడు, నాలుగు ప్రయత్నాల్లో మొత్తం వస్తేనే ఆ ఆట ఆఫెన్స్‌కు నెగ్గినట్టు. చివరగా 20 గజాలు దాటిన పాసులు, 10 గజాలు దాటిన పరుగులు విడిగా రాసుకోవాలి. స్లాంట్ మీద నడిచే డిఫెన్స్ ఎక్కువ ఆటలు నెగ్గి కూడా ఈ చివరి లెక్కలో మునిగిపోగలదు. యూఎస్‌సీ మ్యాచ్‌లు చూస్తూ "బాగానే ఆడుతున్నారు కదా" అనుకునేలోపే స్కోరు మారిపోవడానికి కారణం అదే.

కాలేజీ ఆట నియమాలు డిఫెన్స్‌కు మొదటి నుంచీ కఠినమే. మైదానం వెడల్పు ప్రొఫెషనల్ ఆటలోలాగే 160 అడుగులు, కానీ బంతిని పెట్టే హ్యాష్ గీతల మధ్య దూరం ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలైతే ఇక్కడ 40 అడుగులు. అందువల్ల ఒక పక్క విపరీతమైన ఖాళీ మిగిలి, దాన్ని కాయడానికి లోపలి నుంచి ఒకణ్ని అటు పంపాల్సి వస్తుంది, అంటే సందుల దగ్గర ఒకడు తగ్గుతాడు. పాస్ వేసేటప్పుడు ఆఫెన్స్ లైన్‌మన్ ఎన్ఎఫ్ఎల్‌లో ఒక గజమే ముందుకు పోవచ్చు, కాలేజీలో మూడు గజాలు. మూడు గజాలు ముందుకొచ్చిన లైన్‌మన్‌ను చూసిన లైన్‌బ్యాకర్ అది పరుగే అనుకుని ముందుకు ఉరుకుతాడు, అతను వదిలిన చోటే బంతి పడుతుంది. ఈ కష్టాలు ఇతర జట్లకూ ఉన్నాయి కాబట్టి యూఎస్‌సీకి ఇవి సాకు కావు. స్లాంట్ లాంటి సున్నితమైన పద్ధతిని ఈ నియమాల్లో నడపడం ఎంత ప్రమాదమో మాత్రం ఇవి చెబుతాయి.

వాషింగ్టన్ మ్యాచ్ జరిగిన మర్నాడే, 2023 నవంబర్ 5న, గ్రించ్‌ను తొలగించారు. రైలీ సీజన్ మధ్యలో డిఫెన్స్ కోఆర్డినేటర్‌ను పంపేయడం ఇది రెండోసారి. 2018 అక్టోబర్‌లో, ఓక్లహోమాలో, టెక్సస్ చేతిలో 48-45తో ఓడాక మైక్ స్టూప్స్‌ను ఇలాగే పంపారు. రెండు యూనివర్సిటీలు, ఇద్దరు కోఆర్డినేటర్లు, ఒకే ముగింపు. అప్పుడు అభిమానుల చూపు హెడ్ కోచ్ వైపు మళ్లడంలో తప్పేమీ లేదు. ఏ ఆటగాళ్లను చేర్చుకోవాలి, సాధన సమయం ఎవరికి ఎంత, ఎంత వేగంగా ఆడాలి అన్నవి కోఆర్డినేటర్ చేతిలో ఉండవు.

రైలీ ఈసారి దూరం వెతక్కుండా ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థి యూసీఎల్‌ఏ నుంచి డాంటన్ లిన్‌ను తెచ్చారు. ముందు వరుసకు ఎన్ఎఫ్ఎల్ జట్టు లాస్ ఏంజెలెస్ రామ్స్ నుంచి ఎరిక్ హెండర్సన్, లైన్‌బ్యాకర్లకు నార్త్ డకోటా స్టేట్ హెడ్ కోచ్‌గా ఉన్న మ్యాట్ ఎంట్జ్, వెనక వరుసకు హ్యూస్టన్ నుంచి డగ్ బెల్క్ వచ్చారు. దూసుకుపోవడం కన్నా నిలబడి తన సందు కాయడం, ఆ తర్వాతే బంతి వెతకడం, ఇదీ కొత్త క్రమం. బిగ్ టెన్ అనే కాలేజీ జట్ల కూటమిలో అడుగుపెట్టిన 2024లో సగటున ఇచ్చిన పాయింట్లు 34.4 నుంచి 24.1కి దిగాయి. మ్యాచ్‌కు పది పాయింట్లు ఒక్క ఏడాదిలో తగ్గడం చిన్న విషయం కాదు.

అయినా జట్టు ఏడు గెలుపులు, ఆరు ఓటములతో ముగించింది. మిషిగన్ మ్యాచ్ చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఆ రోజు మిషిగన్ పాసుల ద్వారా సాధించింది 32 గజాలే. చివరిసారి బంతి దక్కినప్పుడు కేలెల్ మల్లింగ్స్ ఒక్క పరుగులో 63 గజాలు పోయాడు, 37 సెకన్లు ఉండగా టచ్‌డౌన్, 27-24. పాసుల మీద గట్టు నిలిచింది, పరుగుల మీద తెగింది. పెన్ స్టేట్‌తో విరామానికి 20-6తో ముందున్న జట్టు ఓవర్‌టైమ్‌లో 33-30తో ఓడింది. స్కోరు సమం చేసిన దాడిలో పెన్ స్టేట్ నాలుగో ప్రయత్నంలో ఒకసారి 7, మరోసారి 10 గజాలు కావలసి ఉండగా రెండుసార్లూ గట్టెక్కింది. అదే మ్యాచ్‌లో టైట్ ఎండ్ టైలర్ వారెన్ 17 క్యాచ్‌ల్లో 224 గజాలు చేశాడు.

ఆ అంకె పాత అభిమానులకు ఎక్కడో తగిలే ఉంటుంది. 2022లో 43-42తో గెలిచిన రోజు యూటా టైట్ ఎండ్ డాల్టన్ కింకేడ్ చేసింది 16 క్యాచ్‌ల్లో 234 గజాలు. కోఆర్డినేటర్ మారాడు, సందులు కాసే తీరు మారింది, సగటు పది పాయింట్లు తగ్గింది. కానీ లైన్‌బ్యాకర్ కన్నా వేగంగా, డిఫెన్సివ్ బ్యాక్ కన్నా భారీగా ఉండే ఒక్కడిని మధ్యలో నిలబెడితే ఎవరు కాయాలన్న ప్రశ్నకు రెండేళ్ల తర్వాత కూడా ఆ డిఫెన్స్ దగ్గర జవాబు లేదు.